పుట్టుక చూసి నిలబెట్టే వరస



గ్రీన్ కార్డు గురించి మన పత్రికలో రాయడమేంటని కొందరు అడుగుతున్నారు. భూమి గురించి రాయండి, కూలి గురించి రాయండి, శ్మశానం దారి గురించి రాయండి, అమెరికా గొడవ మనకెందుకు అంటున్నారు. నిజమే, నిన్నటిదాకా అది ఊళ్లో వాళ్ల గొడవే. పెద్దరైతు కొడుకు విమానం ఎక్కితే పల్లె దూరం నుంచి చూసేది. ఇవాళ అట్లా లేదు. కొట్లాడి తెచ్చుకున్న స్కాలర్‌షిప్పులతో, ఫీజు రీయింబర్స్‌మెంటుతో మన పిల్లలూ ఇంజినీరింగు చదివారు. ఉన్న అరెకరం తాకట్టు పెట్టి, చీటీ పాడి, తల్లి మెళ్లో పుస్తెలు కుదువబెట్టి కొందరు విమానం ఎక్కారు. వాళ్లు ఏ వరసలో పోయి నిలబడ్డారో, ఆ వరస తాళం ఎవరి చేతిలో ఉందో మనకు తెలియాలి. తెలియకపోతే ఊళ్లో ఆసామి దగ్గర విడిపించుకున్న మెడను తీసుకుపోయి అక్కడ ఇంకో ఆసామి చేతికి ఇచ్చినట్టే అవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. అదే వరసలో నిలబడ్డ పెద్దకులాల వాళ్లు ఇవాళ ఒక మాట అంటున్నారు. "మమ్మల్ని పుట్టుక చూసి వెనక్కి నెడుతున్నారు, ఇది అన్యాయం" అంటున్నారు. ఈ మాట వాళ్ల నోట వినడానికి మన తాతముత్తాతలు ఎంతకాలం ఆగారో లెక్క లేదు. ఇప్పుడు విన్నాం. జవాబు చెప్పాలి.

స్పాన్సరు అంటే ఎవరు?

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి విడమరిచి చెప్తాం. అమెరికాలో కొలువు చెయ్యాలంటే చదువొక్కటే చాలదు. అక్కడి కంపెనీ ఒకటి "ఈ మనిషి నాకు కావాలి" అని అక్కడి ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి. పెట్టినవాడు స్పాన్సరు. ఆ వీసా పేరు హెచ్-1బి. 1990లో చేసిన చట్టంతో వచ్చింది. ఏడాదికి 65,000, అక్కడే పైచదువు చదివినవాళ్లకు ఇంకో 20,000. మంజూరయ్యేవాటిలో నూటికి 70కి పైగా మన దేశంలో పుట్టినవాళ్లవే. మూడేళ్లు ఇస్తారు, ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు. ఆరేళ్లు నిండితే మూట సర్దుకోవాలి. సర్దుకోకుండా ఉండాలంటే పక్కా నివాసం అర్జీ ఒకటి నడుస్తూ ఉండాలి.

ఆ పక్కా నివాసం కాగితమే గ్రీన్ కార్డు. దానికి మూడు మెట్లు. ఈ పనికి అమెరికా మనిషి దొరకలేదని కంపెనీ ప్రకటనలేసి, వెతికి, అక్కడి కార్మిక శాఖకు రుజువు చూపించాలి. దాన్ని పర్మ్ అంటారు. అది మొదటి మెట్టు. రెండోది ఐ-140 అనే అర్జీ. అదీ కంపెనీయే పెట్టాలి. మూడోది ఐ-485. ఇదొక్కటే మనిషి తన పేరున తాను పెట్టుకునేది. కాని వంతు వచ్చేదాకా ఆ మెట్టు మీద కాలు పెట్టనివ్వరు. మూడింట్లో రెండు మెట్లు యజమానివి. మూడో మెట్టు కాలానిది.

ఈ మధ్యలో ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సరును వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. వెంట పోయిన భార్యకు 2015 దాకా పని చేసే హక్కే లేదు. ఆ తర్వాత ఇచ్చారు, అదీ భర్త ఐ-140 మంజూరై ఉంటేనే. ఎం.టెక్ చదివిన ఆడబిడ్డ ఏళ్లకేళ్లు వంటింట్లో కూర్చుంది. చంకనెక్కి పోయిన పిల్లవాడికి చట్టం లెక్కలో 21 దాటితే తండ్రి వరసలోంచి పేరు కొట్టేస్తారు. పెరిగిన దేశంలోనే వాడు మళ్లీ పరాయివాడు.

మన తాతలు ఉగాదికి పాలేరుగా కుదిరేవాళ్లు. బాకీ కాగితం ఆసామి పెట్టెలో ఉండేది. ఆ కాగితం ఉన్నంతకాలం ఇంకో ఆసామి దగ్గరకు పోవడానికి లేదు, ఎదురు చెప్పడానికి లేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. లక్షల జీతం తీసుకునేవాణ్ణి పాలేరుతో పోలుస్తారా అని ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. పాలేరు కడుపు కాలింది, వీళ్ల కడుపు నిండింది. ఆ తేడా మాకు తెలుసు, మా ఇళ్లల్లో కాలిన కడుపులు మేం చూశాం. మేం కూలి సంగతి చెప్పడం లేదు, కట్టు సంగతి చెప్తున్నాం. నోరు తెరిస్తే గూడు పోతుందన్న భయం అక్కడా ఇక్కడా ఒకటే.

పుట్టిన చోటు లెక్క

వంతు ఎందుకు రాదు? కొలువుల దారిలో ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. భార్యలూ పిల్లలూ ఈ లెక్కలోనే. అందులో ఒక్కో దేశానికి నూటికి 7కు మించి ఇవ్వకూడదని చట్టం. అంటే పదివేల లోపు. వేరేవాళ్లు వాడుకోక మిగిలితే తప్ప అంతే. గుప్పెడు జనం ఉన్న దేశానికీ 140 కోట్ల జనం ఉన్న మన దేశానికీ ఒకే హద్దు. 2025 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం వేసిన పట్టికలో మనవాళ్ల పైచదువుల వరస 2013 ఏప్రిల్ దగ్గర నిలబడి ఉంది. పన్నెండేళ్ల కింద పెట్టిన అర్జీలు అప్పుడు కదులుతున్నాయి. భార్యాబిడ్డలతో కలిపి పది లక్షలకు పైగా భారతీయులు వరసలో ఉన్నారని 2023లో అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. ఇవాళ కొత్తగా వరసలో చేరినవాడు బతికుండగా కార్డు చూస్తాడన్న నమ్మకం లేదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ వరసలో లెక్క పౌరసత్వం చూసి కాదు, పుట్టిన చోటు చూసి. మనవాడు కెనడా పోయి అక్కడి పౌరుడైనా సరే, పుట్టింది గుంటూరు జిల్లాలో కాబట్టి ఇండియా వరసే. చదువు చూడరు, పనితనం చూడరు. పక్క కుర్చీలో కూర్చుని అదే పని చేసే వేరే దేశం మనిషికి రెండు మూడేళ్లలో కార్డు వచ్చేస్తే వీడు పన్నెండేళ్లుగా నిలబడే ఉంటాడు.

దీని మీద మన పెద్దకులాల ఇంజినీర్లు సంఘాలు పెట్టారు, ప్లకార్డులు పట్టుకున్నారు, అక్కడి సభ్యుల ఇళ్ల చుట్టూ తిరిగారు. దేశాల హద్దు తీసెయ్యాలని 2019 జులైలో అక్కడి దిగువ సభ 365 ఓట్లతో బిల్లు నెగ్గించింది. వ్యతిరేకంగా పడ్డవి 65. ఎగువ సభ 2020 డిసెంబరులో వేరే రూపంలో ఒప్పుకుంది. రెండూ కలవలేదు, చట్టం కాలేదు. బాధ అట్లాగే ఉండిపోయింది.

ఈ బాధ చూసి మేం నవ్వం. పుట్టిన చోటును బట్టి మనిషిని వెనక నిలబెట్టడం తప్పే. ఆ వరసలో మన పిల్లలూ ఉన్నారు. కాని అయ్యలారా, మీరు ప్లకార్డు దించి ఒక్క మాటకు జవాబు చెప్పండి. పుట్టుక మనిషి చేతిలో లేదని మీకు అక్కడికి పోయాకే తెలిసిందా? మీ ఊరి చెరువు దగ్గర తెలియలేదా? మీ హోటల్లో రెండో గ్లాసు చూసినప్పుడు తెలియలేదా? ఏడు శాతం హద్దు మీకు అన్యాయం. మరి ఊరి భూమిలో మాకు ఎంత శాతం? గుడిలో ఎంత, కంపెనీల బోర్డుల్లో ఎంత, పత్రికల ఎడిటరు కుర్చీల్లో ఎంత? పన్నెండేళ్లు వరసలో నిలబడితే మీ గుండె చెరువైంది. వరసలోకే రానివ్వని వాళ్ల సంగతి ఏనాడైనా తలిచారా?

ఇంకో చిత్రం చూడండి. ఆ చట్టంలో ఒక సందు ఉంది. వేరే దేశంలో పుట్టిన మనిషిని పెళ్లాడితే, ఆ జోడు వరస నీకూ వర్తిస్తుంది. పెళ్లితో పుట్టుక లెక్క మారుతుంది. మన ఊళ్లో అట్లాంటి సందు కూడా లేదు. పెద్దకులం పిల్లను చేసుకున్న మన పిల్లవాడికి వరస మారదు, ప్రాణం పోతుంది. 2018లో మిర్యాలగూడ నడివీధిలో పెరుమాళ్ల ప్రణయ్‌ను నరికించింది ఎందుకో ఈ దేశం చూసింది.

1990లో జరిగినవి

ఒక్క ఏడాది సంగతులు పక్కపక్కన పెట్టి చూద్దాం. 1990 ఆగస్టు 7న వి.పి.సింగు మండల్ సిఫార్సులు అమలు చేస్తామన్నాడు. పెద్దకులాల విద్యార్థులు రోడ్డెక్కారు, బూట్లు తుడిచారు, చీపుర్లు పట్టారు. మాకు ఉద్యోగాలు రాకపోతే ఈ పనులు చేసుకోవాలి అని ఎగతాళి. ఆ పనులు రోజూ చేసేవాళ్లు మనుషులే కాదన్నట్టు! అదే ఏడాది నవంబరు 29న అమెరికా అధ్యక్షుడు బుష్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. హెచ్-1బి పుట్టింది. ఇక్కడ రిజర్వేషనుతో ప్రతిభ చచ్చిపోయిందని ఏడ్చినవాళ్లకు అక్కడ తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత ఇక్కడ సర్కారు కొలువులు ఎండిపోయాయి, రిజర్వేషను కాగితం మీద మిగిలింది. డబ్బున్న కొలువులన్నీ రిజర్వేషను లేని చోటికి పోయాయి.

పోయింది ప్రతిభ ఒక్కటేనా? డెల్టా మాగాణి మిగులు సినిమాల్లోకి పోయింది, హైదరాబాదు స్థలాల్లోకి పోయింది, ఇంజినీరింగు కాలేజీల్లోకి పోయింది. ఆ మిగులు ఎవరి చెమట? నాట్లేసిన వాళ్లది, కోతకోసిన వాళ్లది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనం శవాలు లెక్కపెట్టుకుంటున్న ఏళ్లలోనే ఆ మిగులు సీట్లుగా మారింది. కాపిటేషన్ ఫీజు చెల్లదని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది మన రాష్ట్రం మీద వచ్చిన ఉన్నికృష్ణన్ కేసులోనే. డబ్బుతో కొన్న సీటును ఎవరూ ప్రతిభ తక్కువ సీటు అనలేదు. మన సీటుకే ఆ పేరు. సీటు తర్వాత బ్యాంకు అప్పు. దానికి పొలం కాగితాలు కావాలి. మనకు పొలం లేదు. అక్కడికి పోయాక ఉండటానికి మేనమామ ఇల్లు, కొలువు చూపించడానికి బావ కన్సల్టెన్సీ. మన పిల్లవాడికి మేనమామ ఇంకా గొడ్ల దగ్గరే ఉన్నాడు.

అందుకే 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు చూసినప్పుడు అమెరికా భారతీయుల్లో దళితులూ కిందికులాల వాళ్లూ కలిసి నూటికి ఒకటిన్నర మందే తేలారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దేశంలో షెడ్యూల్డు కులాలవాళ్లమే నూటికి 16 మందికి పైన. ఈ తేడా ప్రతిభదా? విమానం ఎక్కకముందే చేసిన ఏరివేతదా?

పాత సంగతి ఇంకొకటి. భగత్‌సింగ్ థింద్ అని పంజాబు మనిషి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం అక్కడి సుప్రీంకోర్టుకు పోయాడు. తెల్లవాళ్లకు ఇచ్చే హక్కు నాకూ ఇవ్వండి, నేను ఉన్నత కులపు ఆర్యుణ్ణి అన్నది అతని వాదన. మనుషులందరూ సమానం అనలేదు. కులం చూపించి తెల్లతనం అడిగాడు. 1923లో కోర్టు కాదు పొమ్మంది. 1946లో ఏడాదికి వందమంది భారతీయులకు మాత్రం దారి ఇచ్చారు. 1965లో అసలు తలుపు తెరిచారు. తెరిపించింది ఎవరు? పౌరహక్కుల కోసం కుక్కల కాట్లు, నీళ్ల గొట్టాల దెబ్బలు తిన్న నల్లజాతి జనం. వాళ్ల పోరాటం 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చింది, ఆ గాలికే మరుసటి ఏడాది జాతి చూసి దేశాలకు వాటాలు పంచే పాత వలస చట్టం కూలింది. నల్లవాళ్లు తెరిచిన తలుపులోంచి లోపలికి పోయి, మన ప్రతిభ తెరిచిందని చెప్పుకోవడం ఎంత కృతఘ్నత!

ఆఫీసులో ఆసామి

మన పిల్లవాడు ఇవన్నీ దాటి పోయాడనుకుందాం. అక్కడ అతని పైఅధికారి ఎవరు? చాలాచోట్ల మన దేశం మనిషే. మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు, ఊళ్లో ఎటువైపు, మాంసం తింటారా అని మొదలుపెడతాడు. భుజం మీద చెయ్యేసి జంధ్యం తగులుతుందేమోనని తడిమేవాళ్లున్నారని అక్కడి మనవాళ్లు చెప్పుకొచ్చారు. 2018లో ఈక్వాలిటీ ల్యాబ్స్ సంస్థ సర్వే అచ్చువేసింది. అందులో పాల్గొన్న దళితుల్లో మూడింట రెండు వంతుల మంది కొలువు దగ్గర కులవివక్ష చూశామన్నారు.

2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే సిస్కో కంపెనీ మీద, ఇద్దరు మేనేజర్ల మీద దావా వేసింది. దళిత ఇంజినీరు కులాన్ని బయటపెట్టి, రిజర్వేషనులో చదివాడని చెప్పి, అడిగినందుకు కక్ష కట్టారన్నది ఆ దావా. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్లో మేనేజర్ల మీద కేసు ఆ శాఖే వదులుకుంది, కంపెనీ మీద నడిపింది. గెలుపోటములు పక్కన పెట్టండి. కులం సముద్రం దాటదన్న మాట ఆ రోజుతో అబద్ధమైపోయింది.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర సభ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అట్లా చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు నెగ్గించింది. 2023 అక్టోబరులో గవర్నరు న్యూసమ్ సంతకం పెట్టలేదు, ఉన్న చట్టాలే చాలునన్నాడు. ఆ బిల్లును అడ్డుకోవడానికి ఎవరు పరుగెత్తారు? మన దేశం నుంచి పోయినవాళ్లే. మా పరువు తీస్తున్నారు, అక్కడ కులం లేదు అన్నారు. కులం లేకపోతే నిషేధిస్తే మీకు నష్టమేంటి? మా ఇంట్లో పాము లేదు అనేవాడు కర్ర తెచ్చినవాణ్ణి చూసి ఎందుకు వణుకుతాడు?

ఇప్పుడు రెండు ముళ్లూ కలిపి చూడండి. తెల్లవాడు అవమానిస్తే పెద్దకులం ఇంజినీరుకు చెప్పుకోవడానికి తనవాళ్లున్నారు. మన పిల్లవాడికి పైఅధికారే కులం, పైఅధికారి మాట మీదే గ్రీన్ కార్డు అర్జీ. ఫిర్యాదు చేస్తే ఉద్యోగం, ఉద్యోగం పోతే 60 రోజులు, ఆ తర్వాత విమానం, ఇక్కడ బ్యాంకువాడి నోటీసు, తాకట్టులో అరెకరం. అందుకే నోరు మూసుకుంటాడు. ఇంటిపేరు మార్చుకుంటాడు, అంబేద్కరు పటం గోడమీంచి తీసి పెట్టెలో పెడతాడు. పిరికివాడై కాదు. వంతు వచ్చేదాకా పన్నెండేళ్లు అతని నోటికి తాళం వేసింది ఆ చట్టమే.

2025 సెప్టెంబరులో ట్రంపు ఇంకో దెబ్బ వేశాడు. బయటినుంచి కొత్తగా రప్పించే హెచ్-1బి మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నాడు. అప్పటి లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు. 88 లక్షలు పెట్టి రప్పించుకునేది ఎవరిని? ముందే ఎత్తున ఉన్నవాణ్ణి. రప్పించుకున్నాక వాణ్ణి ఎంత బిగించి కడతారు? ఆలోచించండి. మెట్టు ఎత్తు పెంచిన ప్రతిసారీ ముందు జారిపడేది అడుగునున్నవాడే.

ఇంకో స్పాన్సరు

స్పాన్సరు అన్న మాట మన పల్లెలకు కొత్త కాదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయి, సౌదీ పోయినవాళ్లను అడగండి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైటులో ఇంటిపనికి పోయిన అక్కలను అడగండి. అక్కడ స్పాన్సరు పేరు కఫీల్. వీసా అతనిది. మారాలంటే అతని ఒప్పుదల, పోతే పారిపోయిందని కేసు. ఖతార్ 2020లో, సౌదీ 2021లో కొన్ని కట్లు వదులు చేశాయి. సౌదీ వదులు చేసిన కట్టు ఇంటిపని చేసే ఆడవాళ్ల దాకా రాలేదు.

అక్కడ పక్కా నివాసం సంగతేంటి? ముప్పై ఏళ్లు ఎండలో ఇనుము మోసినా, వాళ్ల బిడ్డల్ని పెంచి పెద్ద చేసినా, పనివాళ్లకు వరసే లేదు. కాళ్లు చేతులు ఆడినంతకాలం ఉండు, ఆడకపోతే పో. డబ్బున్నవాడికి మాత్రం ఉంది. సౌదీ 2019లో 8 లక్షల రియాళ్లు కట్టినవాడికి జీవితకాలం నివాసం అమ్మకానికి పెట్టింది. ఎనిమిది లక్షల రియాళ్లు మన మనిషి ఎన్ని జన్మలెత్తితే సంపాదిస్తాడు?

పోనీ మన సర్కారు ఏం చేసింది? 1983 నాటి వలస చట్టం కింద పదో తరగతి తప్పినవాళ్ల పాస్‌పోర్టు మీద వేరే ముద్ర. గల్ఫ్ లాంటి దేశాలకు పోవాలంటే వాళ్లు అనుమతి తీసుకోవాలి. రక్షణ కోసమే అన్నారు. మంచిదే. ఆ రక్షణ కాగితం దాటి పల్లెకు రాదు, శవపేటిక మాత్రం వస్తుంది. కాలిఫోర్నియా పోయినవాడు ఎన్నారై, పత్రికలో ఫోటో. కువైటు పోయిన అక్క గల్ఫ్ కూలి, ఊళ్లో చెవులు కొరుక్కోవడం. ఇద్దరూ స్పాన్సరు కిందే బతుకుతున్నారు. పేర్లలో తేడా పెట్టింది కులం.

మనం ఏం చెయ్యాలి?

అయితే పోవద్దా? అట్లా మేం అనం. మనం ఊళ్లోనే పడి ఉండాలని కోరేది ఆసామి. బాబాసాహెబు 1913లో బరోడా రాజు ఉపకారవేతనం మీద కొలంబియా పోయాడు. ఆయనకూ స్పాన్సరు ఉన్నాడు, పదేళ్లు బరోడా కొలువు చేస్తానని ఒప్పందం రాసిచ్చాడు. 1917లో ఆ కొలువుకు వస్తే ఉండటానికి ఆ ఊళ్లో ఇల్లు దొరకలేదు. పార్సీ పేరుతో పార్సీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఇట్లాంటి అనుభవాలు రాసిపెట్టి ఆయన ఆ రాతకు 'వీసా కోసం ఎదురుచూపు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టాడు. ఆయన పోయాక ఎప్పటికో అచ్చయింది. ఏ ఏడాది? అదే 1990. ఆ రాతలో అడిగిన వీసా అమెరికాకు కాదు. సొంత దేశంలో సత్రానికి, చెరువుకు, బండి ఎక్కడానికి. ఆ వీసా ఇంకా మన చేతికి రాలేదు.

కాబట్టి రెండు వీసాల కోసమూ కొట్లాడాలి. పల్లెల్లో మాట్లాడేటప్పుడు ఈ సంగతులు చెప్పండి.

అమెరికా పోయే పిల్లలకు: హెచ్-1బి అర్జీ ఖర్చులు కంపెనీవి, నీ జీతంలోంచి కోయకూడదు. పర్మ్ ఖర్చు మొత్తం కంపెనీదేనని 2007 నుంచి నిబంధన. పని లేదని బెంచి మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాలని చట్టం. కొలువులో చేరేనాటికి కార్మిక శాఖకు పెట్టిన జీతం కాగితం నకలు నీకు ఇవ్వాలి, అడిగి తీసుకో. మోసం జరిగితే ఏడాది లోపు ఆ శాఖకే ఫిర్యాదు చెయ్యొచ్చు. ఐ-140 మంజూరు నకలు దాచుకో. మంజూరై 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా అది ఊరికే రద్దు కాదు. కంపెనీ మారినా నీ వరస తేదీ నీదే. దొంగ అనుభవం కాగితాలు అమ్మే కన్సల్టెన్సీ వైపు పోకు. పట్టుబడితే తేదీ కూడా మిగలదు, ఊడేది వాడి గుమ్మం కాదు, నీ బతుకు. కులం పేరుతో ఏమన్నా తేదీ, మాట, సాక్షి రాసిపెట్టుకో.

గల్ఫ్ పోయే అన్నలకు, అక్కలకు: రిజిస్టరు అయిన ఏజెంటు దగ్గరకే పోండి. అతను తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద పన్ను. అంతకు మించి అడిగితే దొంగ. ఒప్పందం నకలు ఇంట్లో ఉంచి పోండి. విజిట్ వీసా మీద పనికి పోవద్దు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది: విదేశీ చదువుకు ఎస్సీ పిల్లలకు ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏడాదికి 115. ఇరవై కోట్ల జనానికి 115! 2025లో 106 మందిని ఎంపిక చేసి మొదట 40 మందికే ఉత్తరాలిచ్చారు, మిగతావాళ్లకు డబ్బుంటే చూస్తాం అన్నారు. విగ్రహాలకు డబ్బుంది, విద్యకు లేదు. ఈ సంఖ్య వేలల్లోకి పోవాలి. పొలం తాకట్టు లేకుండా ప్రభుత్వమే పూచీ ఉండి అప్పు ఇప్పించాలి. ప్రతి జిల్లాలో సాంఘిక సంక్షేమ శాఖ కింద వీసా సంగతులు తెలుగులో చెప్పే మనిషి ఉండాలి. ఇవాళ ఆ సంగతులు కులం ఇళ్లల్లో మేనమామలు చెప్తున్నారు. మేనమామ లేనివాడికి ప్రభుత్వమే మేనమామ కావాలి.

అక్కడున్న పెద్దకులాల ఇంజినీర్లకు చివరి మాట. ఏడు శాతం హద్దు తీసెయ్యమనండి, మేం వెంట ఉంటాం. ఫైలు యజమానిది కాదు, పనిచేసేవాడిది కావాలని అడగండి, మేమూ గొంతు కలుపుతాం. కాని ఆ చేత్తోనే కులవివక్ష నిషేధం కాగితం మీద కూడా సంతకం పెట్టండి. ఒక పుట్టుక అన్యాయం మీద ఏడుస్తూ ఇంకో పుట్టుక అన్యాయాన్ని కాపాడేవాడి కన్నీళ్లు మేం నమ్మం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పోండి. చదవండి, సంపాదించండి, తల్లిదండ్రుల బాకీలు తీర్చండి. అక్కడ ఒకరికొకరు తెలిసి ఉండండి, ఒక్కరే ఉండొద్దు. ఇద్దరున్న చోట సంఘం పెట్టండి. పెట్టెలో దాచిన పటం తీసి గోడకు పెట్టే రోజు కార్డు వచ్చాకే రావాలని లేదు, నలుగురు కలిస్తే రేపే వస్తుంది. వెనక వచ్చే పల్లె పిల్లవాడికి మేనమామ మీరే.

జై భీమ్!